ఉడుత చేతిలో పచ్చాకు

వేరుశనగ చేను గట్టు మీద ఉడుత ఒకటే గంతులు. పందికొక్కు ఇచ్చిన పచ్చాకు చూపిస్తే దాని కొట్లో కాయలు అప్పిస్తారు. ప్రతి పున్నమికీ ఒక్క కాయ కడితే చాలు, మిగతా దానికి వడ్డీ.

"చీమక్కా! పందికొక్కు మామ నన్ను తెగ మెచ్చుకుని, ఇంకా పెద్ద ఆకిస్తానన్నాడు!"

"ఎన్ని కాయలు తీసుకున్నావే?"

"పది!"

"ఎన్ని కట్టావు?"

"పన్నెండు!"

"ఇంకా ఎన్ని కట్టాలి?"

"పద్నాలుగు!" అని ఎగిరిన ఉడుత, కిందికొచ్చేసరికి తోక వాల్చేసింది.

ఆ పూటే తన తొర్రంతా ఊడ్చి, చేనంతా ఏరి, పద్నాలుగు కాయలూ తెచ్చి, పైన ఆకు పెట్టి, పందికొక్కు ముందు కుప్ప పోసింది.

పందికొక్కు లబోదిబోమంది. "అయ్యో తల్లీ! నీకు నేనేం అన్యాయం చేశానని మొత్తం కట్టేస్తున్నావే!"