ఎండలో చూసిన రంగు

ఫోన్ల కొట్లో గాజు బల్ల మీద రెండు ఫోన్లు. ఒకటి నీలం, ఒకటి బూడిద రంగు.

రెండింటి ధరా దాదాపు ఒకటే. రెండింటితో తీసిన ఫొటోల్లోనూ వసుంధర, ఆమె మొగుడు చైతన్య పక్కపక్కన నిలబడి నవ్వుతున్నారు.

నీలం ఫోనులో ఆమె చెంపలు వెన్న రాసినట్టు నున్నగా ఉన్నాయి.

"ఇదే బాగుంది," అంది వెంటనే.

"రెండోది కూడా చూడు వసూ."

చూసింది. బూడిద రంగు ఫోనులో ముక్కు మీది చెమట చుక్క కూడా కనబడుతోంది.

ఆమె చేయి తనంతట తనే ఎడమ చెవి దగ్గరికి పోయింది. జుట్టు కిందికి లాక్కుంది.

చెవి కింద, అలసంద గింజంత తెల్లమచ్చ.

పెళ్ళి పసుపు కడుక్కున్న పొద్దున మొదటిసారి కనబడింది. అప్పుడు పెసర గింజంతే. ఎంత రుద్దినా పసుపు పోయింది గానీ అది పోలేదు.

అమ్మకు ఫోన్ చేసి చెప్పింది. అమ్మ గొంతు తగ్గించి అంది, "ఆడ ఎవరికీ చెప్పొద్దమ్మా. మీ అత్తకు అసలే తెలీకూడదు. జడ వదులుగా ఏసుకో."

అప్పటినుంచి జడ వదులుగానే. మచ్చ మీద పౌడరు. సినిమాకు పోయినా, సంతకు పోయినా, మొగుడు తనకు కుడి పక్కనే ఉండేలా చూసుకుంటోంది.

ఇన్నాళ్ళూ ఎట్లాగో కుదిరింది.

ధర్మవరంలో వాళ్ళ ఇంట్లోనే మగ్గాలు. చీర మగ్గం దిగగానే చైతన్య ఫొటో తీస్తాడు. అత్త రుక్మిణమ్మ ఫొటోనూ చీరనూ పక్కపక్కన పెట్టి చూసి, సరే అంటేనే అది వాట్సాప్‌లో కొనేవాళ్ళకు పోతుంది. ఆమెకు కంటి చూపు తగ్గాక ఒక తప్పు జరిగింది. వంగపండు రంగు చీర పాత ఫోనులో నీలంగా పడింది. నీలం అనుకుని కొన్న బళ్ళారి ఆవిడ తిప్పి పంపింది.

అందుకే కొత్త ఫోను.

"ఈ పొద్దు ఆ వంగపండు చీరే కట్టుకో," అని చైతన్య అంటే ముచ్చటపడ్డాడనుకుని మురిసిపోయింది. బస్సు పెనుకొండ దాటాక తెలిసింది, ఫోను పరీక్షకని. అయినా నవ్వే వచ్చింది. హిందూపురంలో దిగి ఇద్దరూ ఒకే ప్లేటులో ఉగ్గాని తిన్నారు. ఆఖరి బజ్జీ ఆమెకే వదిలేశాడు.

ఆ సంతోషమంతా ఈ బూడిద రంగు ఫోను చూడగానే ఆవిరైపోయింది.

"అక్కకు నీలందే నచ్చిండాదన్నా," అంది కౌంటరు వెనక ప్రమీల. "మనుషుల్ని తెల్లగా చూపిస్తాది అది."

చైతన్య పైనున్న లైట్ల వైపు చూశాడు. "ఈ లైట్ల కింద రంగు తెలీదు. బయటికి దా వసూ."

"బయటికెందుకండీ?"

"వాకిట్లో ఎండకు పట్టి చూడకుండా మన ధర్మవరంలో ఎవరన్నా చీర కొంటారా?"

ప్రమీల రెండు ఫోన్లతో గడప దాకా వచ్చింది. "ఏమన్నా, ఫోన్లు చూస్తాండావా, అక్కను చూస్తాండావా?"

"చీరను చూస్తాండా."

ఎండ కళ్ళలో పొడిచింది.

మగ్గం మీద ఒక్క పోగు రంగు తేడా పడినా గడపలో నుంచే పట్టే కళ్ళు అతనివి.

"కొంగు రెండు చేతుల్తో పరిచి పట్టుకో. తల కుడికి తిప్పు."

కుడికి తిప్పితే ఎడమ చెవి అతనికి ఎదురుగా వస్తుంది.

"ఇట్లే చాలు లేండి."

"అంచు కనపడల్యా."

తిప్పింది. గాలి లేచింది. జుట్టు ఎగిరింది. చేతులు రెండూ కొంగుకే.

రెండు ఫోన్లతోనూ తీశాడు. బూడిద రంగు దాంట్లో ఫొటోను వేళ్ళతో పెద్దది చేశాడు. అంచు. కొంగు. భుజం.

వేళ్ళు ఇంకా పైకి పోయాయి. ఆగాయి.

వసుంధర కొంగు వదిలేసింది. కళ్ళ ముందు పుట్టింటికి పోయే బస్సు, అందులో తన పెట్టె, పక్కన ఎవరూ లేని సీటు కనబడ్డాయి.

"ఇదే," అన్నాడు చైతన్య. "ఉన్నది ఉన్నట్టు పడ్తాండాది."

"నీలందే..."

"అది అబద్ధం చెప్తాది వసూ."

ప్రమీల ఒక్క బుడగ కూడా లేకుండా ఫోనుకు గ్లాసు అతికించింది. ఇంకో రోజయితే వసుంధర కళ్ళార్పకుండా చూసేది.

బస్సెక్కగానే ఎడమ వైపు కిటికీ సీటుకు నడిచింది. ఎప్పటిలాగే చెవి కిటికీకి, అతను కుడి పక్కకు.

చైతన్య దారివ్వలేదు. "లోపలికి నేను పోతా."

"ఎందుకు?"

"ఆ పక్క ఎండ కొడ్తాండాది. మచ్చకు మంచిదో కాదో తెలీదు. డాక్టరును అడిగేదాకా నీడలో కూచో."

బస్సు కదిలింది.

పెనుకొండ కొండ కనబడ్డాక ఆమె అడిగింది.

"ఎప్పుడు చూసినారు?"

"పెళ్ళయిన మర్సట్రోజే."

"మరి ఇన్ని దినాలు..."

"నువ్వు భయపడ్తాంటివి. అందుకే కుడి పక్కనే నడుస్తాంటి."

ఆమె కిటికీ వైపు చూడబోయింది. అక్కడ అతని ముఖమే ఉంది.

"అత్తకు తెలుసా?"

అతను తల అడ్డంగా ఊపాడు. "తెలీదు. ఇంటికి పోతానే కొత్త ఫోను అడుగుతాది. ఫొటోలన్నీ పెద్దవి చేసి చూస్తాది."

ఎండలో తీసిన ఫొటో తెరిచి, ఫోను ఆమె చేతిలో పెట్టాడు. "తీసేయమంటే తీసేస్తా. నీ ఇష్టం."

వంగపండు చీర. గాలికి ఎగిరిన జుట్టు. చెవి. దాని కింద, అలసంద గింజంత.

తీసేసే గుర్తు మీద ఆమె వేలు నిలిచింది. నొక్కలేదు. 

ఫోను అతనికి తిరిగిచ్చేసింది.

"ఉండనీండి," అంది. "చీర రంగు బాగా పడింది."