నిలువెత్తు బొమ్మ

పానెవెజిస్ నగరంలో ఐదో అంతస్తు ఫ్లాట్‌లో జివిలే ఒక్కతే ఉంటుంది. గోడకు అంటించే బొమ్మలు ప్రింట్ తీసి, చిన్న కటింగ్ మెషిన్ మీద కోసి అమ్ముతుంది. నవంబరు మొదట్లో అల్డోనా అనే ఆవిడ తన కొడుకు నిలువెత్తు బొమ్మ కావాలంది. వాడి ఎత్తు నూట నాలుగు సెంటీమీటర్లని చెప్పింది. మెషిన్‌లో అంత కాగితం పట్టదు కనుక జివిలే బొమ్మను ఐదు ముక్కలు చేసి, అతుకులు కుదిరేలా కొలిచి పంపింది.

వారానికి ఆవిడ ఫోన్ చేసి విరుచుకుపడింది. "ఏం కొలతలు తల్లీ నీవి? వాడి చెవి దాకా కూడా రాలేదు. ఒకటే ఏడుపు!"

తప్పు తనదేమోనని జివిలే నూట ఇరవైకి పెంచి పంపింది. మూడో రోజుకు అల్డోనా నూట యాభై కావాలంది. ఆ తర్వాత రెండు వందల పది.

నెలాఖరున, చలికాలం కావడంతో నాలుగున్నరకే చీకటిపడిన ఒక సాయంత్రం, అల్డోనా ఫోన్‌లో "రెండు వందల అరవై" అంది.

జివిలేకు ఒళ్లు మండింది. "ఎగతాళిగా ఉందా? పిల్లలెక్కడైనా అంత ఎదుగుతారా? నా వల్ల కాదు, ఇంకెవరినైనా చూసుకోండి."

"నువ్వు ఇలాగే అంటావని వాడికి చెప్పా," అంది అల్డోనా. గొంతులో కోపం లేదు. "నీ ఇల్లెక్కడని అడిగాడు. పార్సిల్ మీద చిరునామా ఉందిగా, చూసుకుని గంట క్రితమే బయల్దేరాడు."

జివిలే పరుగున వెళ్లి తలుపు గడియ పెట్టింది. మెట్ల మీద అడుగుల చప్పుడు పైకి వచ్చి ఆగింది. ఎవరో తలుపుకు వీపు ఆనించి నిటారుగా నిలబడినట్టు అనిపించింది. చెక్క కిర్రుమంది. తర్వాత తలుపు పైన, ఇంటి కప్పుకు దగ్గరగా, గోడ మీద పెన్సిల్‌తో గీత గీస్తున్న చప్పుడు నెమ్మదిగా వినిపించింది.