బర్రె కోసం వచ్చిన వ్యాను

"తాడు వదలనంటే వదల. ఏం జేస్కుంటవో జేస్కో డాక్టరమ్మా!"

గౌలిపుర గల్లీకి అడ్డంగా వ్యాను ఆగి ఉంది. కొట్టం ముందు ప్రేమ్‌రాజ్ బర్రె తాడును చేతికి చుట్టుకుని నిలబడ్డాడు. పాలిస్తున్నది అదొక్కటే. దాన్ని తోలుకుపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. గల్లీలో గుంత పూడ్చమని ఎంత మొత్తుకున్నా రాని సర్కారు బండి, బర్రె కోసమైతే పొద్దున్నే ఊడిపడింది.

పశువుల డాక్టర్ సాహిత్య ఓపికగానే చెప్పింది.

"పోయిన వారం ముక్కులో పుల్ల తిప్పి మీరిచ్చిన శాంపిల్లో కరోనా జాతి వైరస్ దొరికిందండీ. కొత్త రకం. ఇప్పటిదాకా పశువుల్లోనే కనబడింది. మనిషికి పాకిందంటే మాత్రం కొంప మునుగుతుంది. గేదెను కొన్నాళ్లు మా దగ్గర విడిగా ఉంచాలి."

"మళ్ల కరోనానా? గప్పుడు మమ్మల్ని ఇండ్లల్ల తోలి తలుపులేస్తిరి. ఇప్పుడు బర్రెల మీద పడ్డరా? ఇది తుమ్మిందా, దగ్గిందా? మేత బందువెట్టిందా?"

"తుమ్మకపోయినా ఉంటుందండీ."

"ఉంటదంట!"

కళ్లముందు పిండిన పాలైతేనే తీసుకుపోయే ముష్తాక్, ఆ మాట వినగానే క్యాను మూత బిగించేశాడు. "ఆజ్ రహెనే దో భాయ్. ప్యాకెట్ తెచ్చుకుంటలే" అంటూ జారుకున్నాడు. పాల కోసం వెనక నిలబడ్డ ఇద్దరూ ఆయన వెంటే నడిచారు.

"సూస్తివా? ఉన్న గిరాకీ పాయె! మీ పుల్లలల్ల మన్నువొయ్య!"

డ్రైవర్ వ్యాను వెనక చెక్క దింపాడు. సాహిత్య తాడు కొస అందుకుంది.

లోపలినుంచి ప్రేమ్‌రాజ్ భార్య కమల అరిచింది. "ఇంకేం జూస్తవయ్యా? అసలు ముచ్చట జెప్పరాదు!"

ప్రేమ్‌రాజ్ పళ్లు కొరికాడు.

"ఆగు డాక్టరమ్మా. ఇది పరాయోళ్లను దగ్గరికి రానియ్యదని పుల్ల నా చేతికిచ్చి పోతివి గదా? ముక్కుల వెట్టబోతే తన్నింది. మళ్ల వెట్టబోతే మళ్ల తన్నింది. నాకు తిక్క రేగింది. నా ముక్కులనే తిప్పి నీకిచ్చిన. నీకు దొరికింది నా చీమిడి, బర్రెది గాదు. అయిపాయె గదా లొల్లి? ఇగ బండి దీస్కపో!"

సాహిత్య చేతిలోంచి తాడు జారిపోయింది. రెండడుగులు వెనక్కి వేసి, గడ్డం కింద ఉన్న మాస్కును ముక్కు మీదికి లాక్కుంది.

"గేదెను వదిలెయ్" అంది డ్రైవర్‌తో. "ప్రేమ్‌రాజ్ గారూ, మీరెక్కండి."