గుర్రం తన్నిన తలుపు

“సొట్ట ఏదయ్యా?” అన్నాడు పళ్ల డాక్టరు, ఎర్రకారు ఎడమ తలుపును అరచేత్తో తడుముతూ.

“తీసేశాను సార్. ఎక్కడుండేదో మీరే పోల్చుకోలేకపోతున్నారు చూడండి,” అన్నాడు టింకరింగ్ మేస్త్రి. ఛాతీ రెండంగుళాలు పొంగింది కూడా.

డాక్టరు పక్కనున్న పెయింటు డబ్బా మీద కూలబడ్డాడు. సంతోషం పట్టలేక కూర్చున్నాడనుకుని మేస్త్రి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఆ నీళ్లు తాగకుండానే డాక్టరు సంచిలోంచి ఇటుకంత ఫైలు తీసి అతని ముందు పడేశాడు.

అది ఇటలీలో పుట్టిన స్పోర్ట్స్ కారు. వయసు అరవై పైమాటే. డాక్టరు రెండేళ్లు పిచ్చివాడిలా తిరిగి దాని చరిత్రంతా రాబట్టాడు. మొదటి యజమాని ఒక పాటగాడు. పొట్ట పెరిగి స్టీరింగు వెనక పట్టక అమ్మేశాడు. రెండో ఆయన ఓడ కెప్టెను. ఆయనకు నేల మీద వేగమంటే భయమట, వారానికోసారి కార్లో కూర్చుని హారను కొట్టుకుని దిగిపోయేవాడట. మూడో ఆయన పందెపు గుర్రాల ఆసామి. ఆయన తరవాత కారు వేలంలోకి, గోడౌన్‌లోకి పోయి చివరికి డాక్టరు చేతికొచ్చింది.

కారుకు పేరు తెచ్చింది మాత్రం వీళ్లెవరూ కాదు, ఆసామి గుర్రం. వరసగా తొమ్మిది పందేలు గెలిచిన ఆ గుర్రం పాతికేళ్ల కిందట ఒకనాడు ఈ తలుపును తన్నింది. ఫైల్లో ఫొటో ఉంది. తలుపుకు సొట్ట, పక్కన గుర్రం, దాని మెడ మీద చెయ్యేసి నవ్వుతున్న ఆసామి. కింద గుర్రం ఘనకార్యం గురించి నాలుగు ముక్కలు రాసి సంతకం కూడా పెట్టాడు.

“సాయంత్రం నాలుగింటికి పాతకార్ల సంఘం నుంచి సర్టిఫికెట్ ఇవ్వడానికి పరీక్షాధికారి వస్తున్నాడు. ఆ సొట్ట లేకపోతే ఇది ఉత్త ఎర్రకారు,” అన్నాడు డాక్టరు.

మేస్త్రి ముప్పై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల బండ్లకు సొట్టలు తీస్తున్నాడు గానీ ఒక్కరూ అతని పేరు కాగితం మీద రాసిన పాపాన పోలేదు. ఈ సర్టిఫికెట్లో ‘బాగుచేసినవారు’ అన్నచోట తన పేరు పడుతుందని, ఫ్రేము తగిలించడానికి ఇంట్లో గోడకు మేకు కూడా కొట్టేసుకున్నాడు. కానీ ఏం చేస్తాడు, సొట్ట కనబడితే ఆ చెయ్యి ఊరుకోదు.

ముందు సుత్తితో ప్రయత్నించాడు. చూడగానే సుత్తి దెబ్బని తెలిసిపోయింది. మళ్లీ తీసేశాడు. చెక్కతో గిట్ట చెక్కి కొట్టాడు. అది గిన్నె బోర్లించినట్టు వచ్చింది. అదీ తీసేశాడు. తలుపుది అల్యూమినియం రేకు, కాగితమంత పల్చన. గుర్రం తంతే చిల్లు పడాలి గానీ ఇంత చిన్న సొట్టతో ఎలా సరిపెట్టిందా అని మేస్త్రికి అనుమానం రానే వచ్చింది. పెద్దవాళ్ల గుర్రాలు పెద్దమనిషి తరహాగా తంతాయి కాబోలు అనుకున్నాడు.

పన్నెండు గంటలకు డాక్టరు ఏకంగా ఒక నిజం గుర్రాన్నే తోలుకొచ్చాడు, స్వారీ నేర్పేచోట బతిమాలి. అది తలుపును వాసన చూసింది. పాలిషు బాగుందేమో, నాకింది. తరవాత నిలువునా కునుకు తీసింది. తోకలాగినా చెవిలో ఊదినా చలనం లేదు. అది చాలా మర్యాదస్థురాలని, పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ తన్నలేదని దాని మనిషి గొప్పగా చెప్పుకొచ్చాడు.

మూడైనా మేస్త్రి భోజనానికి రాలేదని అతని భార్య క్యారియరు పట్టుకొచ్చింది. ఈ కారు వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ షెడ్డులో అడుగుపెట్టింది లేదు. కొత్త పెయింటు వాసనకు తలనొప్పంటుంది. ఇద్దరికీ ఇది రెండో పెళ్లి. పాత సంగతులు తవ్వుకోకూడదని మొదటిరోజే అనుకుని, పన్నెండేళ్లుగా చిలకాగోరింకల్లా ఉన్నారు. ఆవిడ గొంతు పెంచగా మేస్త్రి ఒక్కనాడూ వినలేదు.

గోడు వెళ్లబోసుకోవడానికి మనిషి దొరికిందని మేస్త్రి జరిగిందంతా చెప్పాడు. ఆవిడ ఫొటో చేతిలోకి తీసుకుని కింద రాసింది నెమ్మదిగా చదివింది.

“గుర్రమని ఈయనే రాశారా?”

“ఆయనే. స్వహస్తాలతో.”

“అలాగా,” అని ఆవిడ క్యారియరు కింద పెట్టింది. “పాపం, ఆ గుర్రాన్ని కాస్త అవతలికి జరపండి.”

రెండడుగులు వెనక్కి వేసింది. చెప్పు సవరించుకుంది. ఫెడీమని ఒక్కటి తన్నింది.

గుర్రానికి మెలకువ వచ్చింది. డాక్టరు నోరు వెళ్లబెట్టాడు, పళ్లన్నీ కనబడ్డాయి. మేస్త్రి ఫొటో లాక్కుని తలుపు పక్కన పెట్టి చూశాడు. పిడికి జానెడు కింద, అదే వాలు, అదే లోతు, అంచున అదే సన్నటి ముడత. వెంట్రుకవాసి తేడా లేదు.

నాలుగింటికి వచ్చిన అధికారి స్కేలు పెట్టి కొలిచాడు, భూతద్దంతో చూశాడు, చూసి చూసి తన్మయుడైపోయాడు. ఇంత నికార్సయిన గుర్రపు తాపు తన సర్వీసులో చూడలేదన్నాడు. ‘మేటి గుర్రం తన్నిన సొట్ట యథాతథంగా ఉంది’ అని రాసి, బాగుచేసినవారి చోట మేస్త్రి పేరు రాసి, ముద్ర కొట్టాడు.

అందరూ వెళ్లాక మేస్త్రి తన వంతు నకలు గుండెకు హత్తుకుని భార్య దగ్గరికొచ్చాడు. సంతోషంతోపాటు మనసులో ఏదో ముల్లులా గుచ్చుకుంటోంది.

“నాకేమో పేరొచ్చింది. తన్నింది నువ్వైతే ఆ పేరు కాస్తా గుర్రం కొట్టేసింది,” అన్నాడు నొచ్చుకుంటూ.

ఆవిడ క్యారియరు గిన్నెలు సర్దుకుంటూ నవ్వింది.

“పోయినసారీ అంతేగదండీ.”