రెండో దెబ్బ

బడి యూనిఫాంలో తూటాలు ఆపే కవచం తప్పనిసరి అయ్యి అప్పటికి ఆరేళ్లు. పిల్లలకూ సైన్యానికీ ఆ కవచాలు చేసే ఫ్యాక్టరీలోనే హైమావతి జిగురు పరీక్షించేది. పింగాణీ పలకను జిగురుతో గుడ్డకు అతికించి, ఉక్కు గుండుతో రెండుసార్లు కొట్టించేది. పలక ఊడితే ఆ జిగురు సైన్యానికి పనికిరాదని రాసేది.

ఆ సోమవారం మనవరాలికి కొత్త కవచం తొడుగుతుంటే మాగిన పనసపండు వాసన గుప్పుమంది. పోయిన నెల తాను వద్దన్న జిగురు వాసనే అది. ఆమెకు ఒళ్లు మండిపోయింది. కవచాన్ని చంకన పెట్టుకుని నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లింది.

"సిపాయిలకు వద్దన్నది పిల్లలకెట్ల అంటిస్తిరి సార్?"

"పిల్లలకు ఒక్క దెబ్బకు ఆగితే చాలమ్మా. రూల్ అట్లనే ఉంది."

"కాల్చెటోడు ఒక్క గుండుతోనే ఆగుతడా? రూల్ రాసినోడు వాణ్ని అడిగి రాసిండా?"

 హైమావతి పరీక్ష గదిలోకి వెళ్లి, అందరి ముందూ ఆ కవచాన్ని యంత్రానికి బిగించింది. మొదటి దెబ్బకు నిలిచింది. రెండో దెబ్బకు పలక ఊడి నేల మీద పడింది.

జిగురు పూసే యాదమ్మ చేతి తొడుగులు పీకి పారేసింది. "నా బిడ్డ గిదే తొడుక్కొని బడికి పోయింది" అంటూ గేటు వైపు పరుగెత్తింది. ఆమె వెనకే మిగతా తల్లులంతా పరుగెత్తారు. ఆ పూట మిషన్లు నడపడానికి లోపల ఒక్కరూ మిగల్లేదు.