వైరుతో వైరం

“వైరా, వైర్‌లెస్సా? ఒక్కటి చెప్పు తమ్మీ. నా ఫోను ఒక్క నిమిషం సుత చావొద్దు,” అన్నాడు రాజనర్సయ్య.

అమీర్‌పేట మెట్రో మెట్ల పక్కన సెల్‌ఫోన్ల దుకాణం. యజమాని అభిలాష్ ఫోనును అటూ ఇటూ తిప్పాడు. రాజనర్సయ్య తమ్ముడి కొడుకు విక్రమ్ కొన్నాళ్లు వాడి ఇచ్చిన ఖరీదైన ఫోను. చార్జింగు రంధ్రం వదులై, వైరుకూ దానికీ వైరం పడింది. తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు. ఇక్కడ తీగ కదిలితే చార్జింగే ఆగుతోంది.

“వైరైతే జల్దీ ఎక్కుతది అన్నా. గని పోర్టు మార్వాలె. రెండు రోజులు ఫోను నా దగ్గరుండాలె.”

“రెండు రోజులా? గంట సుత ఇయ్య. దవఖాన నుంచి ఫోనొస్తది.”

పంజాగుట్ట ఆసుపత్రిలో ఆయన భార్య భూలక్ష్మికి వారానికి మూడుసార్లు డయాలసిస్. నాలుగేళ్ల నిరీక్షణ తర్వాత కిడ్నీల జాబితాలో ఆమె పేరు మొన్ననే పైకొచ్చింది. “ఏ వేళైనా ఫోన్ చేస్తామండీ. గంటలో పలక్కపోతే తర్వాతి పేరుకి వెళ్లిపోతాం,” అని ఆసుపత్రి ఉద్యోగిని రజని ముందే హెచ్చరించింది. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోనే. ఇంకో వంతు వచ్చేదాకా భూలక్ష్మి ఆగలేదని డాక్టరు రాజనర్సయ్య చెవిలో మాత్రమే వేశాడు.

“అయితే గీ ప్యాడు తీస్కో. నిదానంగ ఎక్కుతది. రాత్రి ఫోనును దీనిమీద పండవెట్టు, అంతే. గని నడుమ ఇనుము, రాగి ఏదీ ఉండొద్దు. ఉంటే వేడెక్కుతది, చార్జింగు ఎక్కది.”

“ముప్పై ఏండ్ల సంసారంల మా ఇద్దరి నడుమనే ఏ అడ్డం లేదు. దీని నడుమ ఏముంటది?”

రెండు రోజులు ప్యాడు బుద్ధిగా పనిచేసింది. పొద్దున్నే చూస్తే నూటికి నూరు. బడిలో రాజనర్సయ్యకు ఎన్నడూ రాని మార్కులు!

ఆదివారం భూలక్ష్మి ఆయాసపడుతూనే బల్కంపేట ఎల్లమ్మ గుడికి వెళ్లొచ్చింది.

“ఏం మొక్కినవే?”

“చెప్తే ఫలించది. ఫోనియ్యి, దానికి సుత బొట్టు పెడ్త.”

“పెట్టు. నాకంటె దానికే మర్యాద ఎక్కువాయె.”

పడుకునేముందు, చార్జింగు అయిపోవచ్చిన ఫోనును ప్యాడు మీద పెట్టాడు. లైటు మిణుకు మిణుకుమంది. కన్ను కొడుతోందనుకుని, తానూ ఓ కన్ను కొట్టి నిద్రపోయాడు.

తెల్లారేసరికి ఫోను ఒళ్లు వెచ్చగానే ఉంది, ప్రాణమే లేదు. వైరును వంచి, గుచ్చి, అదిమిపట్టి ఎలాగో బతికించాడు. ఆసుపత్రి నుంచి ఏడు మిస్డ్ కాల్స్ అని మెసేజ్ వచ్చిపడింది. వెంటనే ఫోన్ చేశాడు.

“ఎంత ప్రయత్నించామో అండీ!” అంది రజని. “కిడ్నీ వేరేవారికి ఇచ్చేశాం.”

డయాలసిస్‌కు వెళ్తూ, ప్యాడు పట్టుకుని, భార్యను వెంటబెట్టుకునే దుకాణానికి పోయాడు.

“నీ ప్యాడు పాడుగాను! నా ఇల్లు ముంచినవ్ గదరా!”

అభిలాష్ తన ఫోను దానిమీద పెట్టి చూశాడు. టింగుమంది. “మంచిగనే ఎక్కుతుంది గదన్నా!”

“మరి గిదెందుకు ఎక్కలె?” అంటూ రాజనర్సయ్య తన ఫోనును ముందుకు తోశాడు.

“పోనియ్యవయ్యా, గా తమ్మునిదేం తప్పు?” అంది భూలక్ష్మి, గోడకానుకుని రొప్పుతూ. “ఫికర్ చెయ్యకు, ఫోను మల్లొస్తది. నేను బందోబస్తు చేసిన.”

అభిలాష్ రాజనర్సయ్య ఫోను అందుకుని, వెనక కవరు ఊడదీశాడు.

ఎల్లమ్మ గుడి రాగిబిళ్ల బల్లమీద పడింది.