ముందు వరుస కుర్చీ

"పిషీ, పెళ్లి అయ్యేదాకా నువ్వు కిందికి రాకు" అంది ఝినుక్.

నుదుటి మీద గంధం చుక్కలు పెట్టించుకుంటోంది. తల తిప్పలేదు. అద్దంలోంచే చెప్పింది.

మేనత్త అణిమ చేతిలో తమలపాకులు ఉన్నాయి. పీట మీద మోసుకెళ్లేటప్పుడు పెళ్లికూతురు మొహానికి అడ్డం పెట్టుకునే ఆకులు. బజారుకు తనే వెళ్లి, ఏరి ఏరి తెచ్చింది.

"రాకూడదా? నేనా?"

"మేడమీద గదిలో కూర్చో. కిటికీ కూడా తీయకు. ఎన్ని ఆచారాలకి నీతో పోట్లాడానో నాకు తెలుసు. ఈ ఒక్కటీ నాకోసం పాటించు. ఎందుకంటే..."

"మాట్లాడకమ్మా, చుక్కలు చెదిరిపోతున్నాయి" అని కసిరింది అలంకరించే అమ్మాయి.

ఎందుకో వినడానికి అణిమ ఆగలేదు. ఆకులు బల్ల మీద పడేసి బయటికి వచ్చేసింది. భర్త పోయిన మేనత్తను పెళ్లిపీటల దగ్గరికి ఎందుకు రానివ్వరో ఒకరు విడమరచి చెప్పాలా? శ్రీరాంపూర్‌లో, ఇదే ఇంట్లో పుట్టింది తను.

ఇంకెవరైనా అంటే పడేది. అలవాటే. కానీ ఈ పిల్లా! ఉయ్యాల్లో ఉండగా తల్లి పోతే తను భుజాన వేసుకున్న పిల్ల. ఎనిమిదో తరగతిలో ఉండగా తన కంచంలోని పులస ముక్క తీసి అత్త కంచంలో వేసి, నువ్వు తినకపోతే నేనూ తిననని పస్తు పడుకున్న పిల్ల. ఆ రోజు నుంచే అణిమ, భర్త పోయిన ఆడది ముట్టకూడదన్న చేప మళ్లీ తింటోంది. ఊరంతా నోళ్లు నొక్కుకున్నా తింటోంది.

మెట్ల దగ్గర తమ్ముడి భార్య కాకలి కుర్చీలు సర్దిస్తోంది. రెండో తమ్ముడి భార్య. నోరు ఊరుకోదు.

"దీదీ, ఇది చూశావా? ముందు వరుసలో మధ్య కుర్చీ దొరసానికట. పిల్ల ఒకటికి నాలుగుసార్లు చెప్పింది. ఆవిడ రెప్ప వేయకుండా అంతా చూడాలట."

"ఎవరు? ఆ మారిట్టా?"

"ఆవిడే. నార్వేలో చదువుకున్నన్నాళ్లూ ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టింది కదా."

"అన్నమా? ఆలుగడ్డలు ఉడకేసి పడేసింది. ఎముకల పోగై తిరిగొచ్చింది పిల్ల. మళ్లీ కండ పట్టించింది ఎవరు?" అణిమ గొంతు లేచింది. "అయినా ఆవిడ మొగుడు మాత్రం బతికున్నాడా?"

కాకలి కిసుక్కున నవ్వింది. "దొరసానులకి ఆ పట్టింపులేముంటాయి దీదీ? అవన్నీ మనకేగా!"

అణిమకు ఒళ్లు మండిపోయింది. దబదబా మెట్లెక్కి తలుపు వేసుకుంది.

మూసిన కిటికీల గది. ఉక్క. కింద సన్నాయి, ఆడవాళ్లు శుభానికి నాలుకలు ఆడిస్తూ చేసే ఉలుధ్వని. పొద్దున పురోహితుడు, "తల్లి లేని పిల్ల. తల్లి చేయవలసిందీ, మానవలసిందీ ఈ పెళ్లిలో ఏమీ లేదు" అన్నప్పుడు పిల్ల మొహం చిన్నబోయింది. అది చూసి తన కడుపు తరుక్కుపోయింది. ఛీ, ఎంత పిచ్చిది తను!

"ఇంకా పైకెత్తండి! ఇంకా పైకి!" కింద కుర్రకారు అరుపులు. పీట లేచినట్టుంది. ఇప్పుడు ఆకుల చాటున మొహం దాచుకుని వరుడి చుట్టూ తిరుగుతుంటుంది. తన ఆకులే.

అణిమ లేచి సంచీ తీసింది. రెండు చీరలు కుక్కింది. తన గాజులు కరిగించి పిల్లకోసం చేయించిన కంకణాల జతను రుమాలులోంచి తీసి చూసింది. మళ్లీ ముడివేసి సంచీ అడుగున తోసింది. బర్ధమాన్‌లో మరిది ఇల్లుంది. ఇక అక్కడే. రేపు అప్పగింతల వేళ పిషీ ఏదీ అని వెతుక్కోనీ. ఈ గడప మళ్లీ తొక్కితే ఒట్టు.

తలుపు తీసేసరికి ఎదురుగా మారిట్. ఎర్రచీర కుచ్చిళ్లు రెండు చేతులతో పట్టుకుని ఉంది. మెట్లన్నీ పరుగున ఎక్కినట్టుంది, ఆయాసపడుతోంది.

"అణిమా! కూర్చో. తొందరగా."

చిన్నా పెద్దా లేదు, అందరూ ఆవిడకు 'నువ్వే'. ఝినుక్ నేర్పిన భాష.

"తప్పుకో. నా బండికి వేళైంది."

"వద్దు, వెళ్లకు. నేను మరిచిపోతాను."

"ఏం మరిచిపోతావు? ముందు కుర్చీలో కూర్చుని కళ్లప్పగించి చూశావుగా!" అణిమ విరుచుకుపడింది. "నీకూ మొగుడు లేడు, నాకూ లేడు. నువ్వు పీటల ముందు, నేను చీకటి గదిలో! దాని ముక్కు తుడిచింది నేను. అది జ్వరంతో మూలిగితే గుండెల మీద పడుకోబెట్టుకుంది నేను. మధ్యలో నువ్వెవరు?"

"మొగుడా?" మారిట్ తెల్లబోయింది. "మొగుడికీ దీనికీ ఏమిటి సంబంధం?"

అణిమ చేతిలోని సంచీ లాగి కింద పెట్టింది. ఆమెను మంచం మీద కూర్చోబెట్టింది. రెండు దిళ్లు ఎదురెదురుగా నిలబెట్టింది.

"ఇది ఝినుక్. ఇది అబ్బాయి. ఆకులు తీసింది, ఇదిగో ఇలా, మెల్లగా. ముందు నవ్వింది. తర్వాత ఈ గది వైపు చూసి ఏడ్చింది. అన్నీ చెప్తాను, ఒక్కటీ వదలను" అని ఊపిరి పీల్చుకుంది. "మీలో తల్లి తన బిడ్డ పెళ్లి చూడకూడదట కదా, అందుకే అమ్మ బదులు అంతా చూసి, పైకెళ్లి అమ్మకి చెప్పమంది ఝినుక్."